రెండు సెకన్ల లెక్క: నత్తితో ఉద్యోగం

ఒకరు అడిగిన ప్రశ్న ముగియడానికీ, ఎదుటివారి జవాబు మొదలవడానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? 2009లో పది భాషల సంభాషణలను కొలిచి చూస్తే, సగటున అది సెకనులో ఐదో వంతు అని తేలింది. భాషకూ భాషకూ కాస్త తేడా ఉన్నా అందరి చెవీ దాదాపు ఇదే గడియారానికి అలవాటుపడి ఉంది. నత్తి ఉన్నవారికి మాట పట్టేసినప్పుడు ఆ పట్టు మామూలుగా ఒక సెకను ఉంటుంది. గట్టిదైతే మూడు, ఐదు సెకన్లు, అరుదుగా ఇంకా ఎక్కువ. ఇది పెద్ద సమయమేమీ కాదు. కానీ ఐదో వంతు సెకనులో జవాబు రావాలని కూర్చున్న చెవికి ఐదు రెట్లు, ఇరవై రెట్లు ఆలస్యం. పైగా వినేవారి మనసు ఆ ఖాళీని ఖాళీగా ఉండనివ్వదు. వినబడలేదేమో, తెలియదేమో, ఏదో దాస్తున్నారేమో, లైను తెగిందేమో అని తోచినదానితో నింపేస్తుంది. ఉద్యోగంలో నత్తి వల్ల వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఆ ఒకటి రెండు సెకన్లలోనే పుడతాయి.

తడబాటు అందరికీ ఉన్నదే. సరైన పదం కోసం వెతుక్కుంటూ ‘అంటే... అదే...’ అనడం, వాక్యాన్ని సగంలో వదిలేసి ఇంకోలా ఎత్తుకోవడం నత్తి కిందికి రావు. నత్తిలో ఏం చెప్పాలో మనిషికి స్పష్టంగా తెలుసు. పదమూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని పలకాల్సిన కదలికే మొరాయిస్తుంది. అది మూడు రకాలుగా బయటపడుతుంది. మొదటి శబ్దం మళ్లీ మళ్లీ రావచ్చు: ‘ప-ప-ప-పని’. శబ్దం సాగిపోవచ్చు: ‘స్‌స్‌స్‌సరే’. మూడోది బ్లాక్. పెదవులు, నాలుక ఆ శబ్దానికి కుదురుకుని ఉంటాయి, గొంతు బిగుసుకుంటుంది, గాలి కదలదు. ‘నోరు పెగలడం లేదు’ అనే వాడుక మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. మొదటి రెండూ చెవికి తెలుస్తాయి కాబట్టి ఎదుటివారు సంగతి గ్రహిస్తారు. బ్లాక్ నిశ్శబ్దం. అపార్థాలకు ఎక్కువ తావిచ్చేది అదే.

వీటితోపాటు కళ్లు గట్టిగా మూసుకోవడం, తల విదిలించడం, కాలు నేలకేసి కొట్టడం కొందరిలో కనిపిస్తాయి. ఇవి నత్తిలో పుట్టుకతో వచ్చిన భాగాలు కావు. ఎప్పుడో ఒకసారి తల విదిలించిన క్షణంలోనే మాట విడివడి ఉంటుంది. విదిలింపు వల్లే విడివడిందని శరీరం నమ్మేసింది. కొన్నాళ్లకు ఆ కిటుకు పనిచేయడం మానేస్తుంది, అలవాటు మాత్రం మిగిలిపోతుంది. దాని మీద ఇంకో కిటుకు వచ్చి చేరుతుంది.

నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల వయసు మధ్య మొదలవుతుంది. పిల్లల్లో దాదాపు 5 శాతం మందికి ఏదో ఒక దశలో వస్తుంది, వారిలో ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. పెద్దల్లో సుమారు 1 శాతం మందికి మిగులుతుంది, వారిలో మగవారు ఆడవారికి దాదాపు నాలుగు రెట్లు. వంశపారంపర్యం పాత్ర గట్టిదని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. 2010లో మూడు జన్యువుల్లోని మార్పులకు నత్తితో సంబంధం ఉన్నట్టు బయటపడింది, ఆ తర్వాత ఇంకొన్ని జన్యువులు ఈ జాబితాలో చేరాయి. మెదడు చిత్రాల్లో ఎడమ అర్ధభాగంలో మాటను వినే, పలికించే ప్రాంతాలను కలిపే నరాల తంతువుల్లో తేడా కనిపిస్తుంది. నాలుకలో లోపం ఏమీ లేదు. అయినా నాలుకే నింద మోసింది. 1841లో డీఫెన్‌బాక్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు నత్తి నయం చేయడానికి నాలుక మొదట్లో ముక్క కోసి తీసేశాడు, మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో. ఇప్పుడు నింద నాలుక నుంచి ‘బెదురు’ మీదికి మారింది. బెదురు నత్తిని పెంచగలదు, పుట్టించలేదు. ధైర్యస్తులకూ నత్తి ఉంటుంది, పిరికివారిలో ఎక్కువమందికి ఉండదు.

పై అధికారులను, సహోద్యోగులను బాగా తికమకపెట్టేది నత్తి ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండకపోవడం. ఉదయం ఇరవై మంది ముందు ధారాళంగా మాట్లాడిన మనిషి మధ్యాహ్నం ఫోన్‌లో తన పేరు చెప్పలేకపోవచ్చు. పాట పాడినప్పుడు, పదిమందితో కలిసి ఒకే గొంతుగా చదివినప్పుడు, ఒంటరిగా తనలో తాను మాట్లాడుకున్నప్పుడు నత్తి దాదాపు మాయమవుతుంది. ఒకే పేరాను వరసగా ఐదుసార్లు చదివిస్తే చాలామందిలో సగానికి సగం తగ్గుతుంది. ఇవన్నీ ఎప్పటి నుంచో తెలిసినవే. ‘నిన్న బాగానే మాట్లాడారుగా, ఇవాళ ఏమైంది’ అనే మాట ఈ సంగతులు తెలియక వచ్చేది. దాని వెనక ‘ప్రయత్నిస్తే మాట్లాడగలరు’ అనే తీర్పు దాగి ఉంటుంది, విన్న మనిషి మరునాటి నుంచి దాచడం మొదలుపెడతారు.

ఆ దాపరికం ఎలా పనిచేస్తుందో చూడాలి. నత్తి ఎక్కువగా పదం మొదట్లో, అందులోనూ వాక్యం మొదట్లో వస్తుంది. ఏ పదం మీద వస్తుందో చాలాసార్లు ముందే తెలిసిపోతుంది. దాంతో మనిషి మాట్లాడుతూనే, రాబోయే నాలుగైదు పదాలను ముందుగా తడిమి చూసుకుంటూ ఉంటారు. కష్టమైనది ఎదురైతే దాని బదులు ఇంకోటి పెడతారు. ‘పదిహేను’ రాకపోతే ‘ఇరవైకి ఐదు తక్కువ’ అంటారు. ఖచ్చితమైన సాంకేతిక పదం రాకపోతే ‘ఆ భాగం’, ‘ఆ పద్ధతి’ అని సరిపెడతారు. జవాబు తెలిసి కూడా ‘తెలియదు’ అంటారు, ఎందుకంటే ‘తెలియదు’ నోటికి సులువుగా వచ్చింది. వినేవారికి నత్తి వినిపించదు. వినిపించేది విషయం మీద పట్టులేని, డొంకతిరుగుడుగా మాట్లాడే మనిషి. నత్తి దాచిపెట్టినందుకు చెల్లించే ధర ఇదే: మాట్లాడే తీరుకు రావాల్సిన మచ్చ తెలివికి వస్తుంది. జోసెఫ్ షీహన్ అనే మనస్తత్వవేత్త నత్తిని నీటిలో తేలే మంచుకొండతో పోల్చాడు. పైకి వినిపించేది కొన, భయం, సిగ్గు, తప్పించుకోవడం నీటి కింద. ఈ పోలిక అరిగిపోయింది గానీ, కొన అసలు బయటికే కనిపించని మనుషులకూ ఇది వర్తిస్తుందన్న సంగతిని చాలామంది వదిలేస్తారు. జీవిత భాగస్వామికి కూడా తెలియకుండా ఏళ్ల తరబడి నత్తిని దాచినవారు ఉన్నారు.

పేరు ఒక్కటే మార్చడానికి వీల్లేని పదం. సొంత పేరు దగ్గర మాట ఆగడం అంత ఎక్కువ కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. అడిగిన వెంటనే చెప్పాలి, బదులు పెట్టడానికి ఇంకోటి లేదు, తడబడితే ‘సొంత పేరే మర్చిపోయారా’ అనే నవ్వు తప్పదు. సమావేశాల్లో బల్ల చుట్టూ ఒక్కొక్కరూ పరిచయం చేసుకునే తంతు అందుకే గండం. పన్నెండో వంతులో ఉన్న మనిషి ముందు పదకొండు మంది చెప్పినదేదీ వినరు. లోపల తన పేరునే సాధన చేసుకుంటూ ఉంటారు, ప్రతి వంతుకూ గొంతు ఇంకాస్త బిగుస్తుంది. దీనికి మంచి విరుగుడు మొదటి లేదా రెండో వంతు అడిగి తీసుకోవడం. బిగుసుకోవడానికి సమయం దొరకదు, మిగతావారి మాటలు వినే తీరిక దొరుకుతుంది.

ఫోన్ గురించి

నత్తి ఉన్నవారిని ఏది కష్టమని అడిగినా ఫోన్ పేరు ముందు వరసలో ఉంటుంది. ఎదురుగా ఉన్నప్పుడు బ్లాక్‌లో ఉన్న మనిషి పెదవులు కనబడతాయి, ఏదో చెప్పబోతున్నారని తెలుస్తుంది. ఫోన్‌లో బ్లాక్‌కూ తెగిన లైనుకూ తేడా లేదు. అవతలివారు రెండుసార్లు ‘హలో’ అని పెట్టేస్తారు. పైగా ఫోన్‌లో మొదటి మాటలు ముందే ఖరారై ఉంటాయి: పేరు, సంస్థ, పని. మూడూ మార్చలేనివే, మూడూ వాక్యం మొదట్లోనే.

చేయాల్సిన కాల్‌కు ముందు చెప్పాల్సిన అంశాలను కాగితం మీద రాసుకోవడం పనికొస్తుంది, పూర్తి వాక్యాలు రాసుకుని చదవడం చాలామందికి బెడిసికొడుతుంది. రాసిన పదాన్నే పలకాలన్న ఒత్తిడి బ్లాక్‌ను పిలుస్తుంది. మాట పట్టేసినప్పుడు పూర్తి నిశ్శబ్దంలోకి పోకుండా ఆ మొదటి శబ్దాన్నే బలం తగ్గించి, వినిపించేలా కదిలించడం మేలు. అవతలివారికి మనిషి లైనులో ఉన్నట్టు తెలుస్తుంది. అంతకన్నా సులువైన దారి మొదటే చెప్పేయడం: ‘నాకు నత్తి ఉంది. మధ్యలో మాట ఆగితే లైను తెగలేదు, నేను ఉన్నాను.’ రోజులో ఐదు కాల్స్ ఉంటే బాగా బరువైనది ముందు పెట్టుకోవాలి. సాయంత్రానికి వాయిదా వేసిన కాల్ రోజంతా వెనకాలే తిరుగుతుంది, ఆఖరికి ఈమెయిల్‌గా మారుతుంది. ఈమెయిల్‌తో సరిపోయే పనికి ఈమెయిల్ రాయడంలో తప్పు లేదు. ఫోన్ నుంచి పారిపోవడానికే రాసినప్పుడు మాత్రం తర్వాతి కాల్ మరింత బరువవుతుంది.

గోడలు లేని ఆఫీసుల్లో ఇంకో చిక్కు ఉంది. చాలామంది భయపడేది అవతలి గొంతుకు కాదు, పక్క బల్లల దగ్గర కూర్చుని వింటున్న నలుగురికి. తలుపు ఉన్న చిన్న గది ఒకటి కాల్స్‌కు అందుబాటులో ఉంచితే ఈ సమస్య సగం తీరుతుంది.

యంత్రాలతో మాట్లాడటం ఇంకో తలనొప్పి. గొంతును గుర్తుపట్టే వ్యవస్థలు కొద్దిపాటి నిశ్శబ్దం రాగానే మాట ముగిసిందని తీర్మానించి కోసేస్తాయి. శబ్దం పదే పదే వస్తే వేరే పదంగా రాసుకుంటాయి. ఫోన్ మెనూల్లో అంకెలు నొక్కే దారి ఉంటే అదే నయం. ఐఫోన్‌లో 2022 నుంచి సిరి ఎంతసేపు ఎదురుచూడాలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో పెంచుకోవచ్చు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ వింటూ ఉండే పద్ధతి ఉన్న పరికరాల్లో దాన్నే వాడటం మంచిది.

వీడియో సమావేశాల్లో బ్లాక్ వచ్చిన ముఖం కదలకుండా ఉండిపోతుంది. ‘మీ వీడియో ఆగిపోయింది, నెట్‌వర్క్ పోయినట్టుంది’ అంటూ ఇంకొకరు మాట అందుకుంటారు. చెయ్యి కాస్త పైకెత్తి ఉంచితే మనిషి కదులుతున్నట్టు, వంతు ఇంకా తనదేనన్నట్టు తెలుస్తుంది. చెయ్యెత్తే బటన్‌తో వంతులు నడిపే సమావేశాలు నత్తి ఉన్నవారికి చాలా మేలు, ఎందుకంటే గబుక్కున మధ్యలో దూరి మాట్లాడటమే వారికి అన్నిటికన్నా కష్టం. సెకనులో ఐదో వంతు సందులో మాట దూర్చాలంటే మొదటి శబ్దం ఠక్కున రావాలి, నత్తి కాచుకుని ఉండేది సరిగ్గా ఆ మొదటి శబ్దం దగ్గరే.

ఇంటర్వ్యూ, ముందే చెప్పడం

చెప్పాలా వద్దా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. బయటికి వినిపించే నత్తి అయితే మాత్రం చెప్పడంలోనే లాభం ఎక్కువ. మొదట్లోనే, రెండు వాక్యాలకు మించకుండా, క్షమాపణ లేకుండా చెప్పాలి. ‘నాకు నత్తి ఉంది, కొన్ని మాటల దగ్గర ఆగుతాను. ఏదైనా సరిగా వినబడకపోతే మళ్లీ అడగండి’ అంటే చాలు. ‘సారీ, కాస్త ఓపిక పట్టండి, నాకు సరిగా మాట్లాడటం రాదు’ అన్న తీరు వేరు. క్షమాపణతో చెప్పిన మనిషికన్నా మామూలు గొంతుతో చెప్పిన మనిషిని వినేవారు ఎక్కువ ఆత్మవిశ్వాసం ఉన్నవారిగా చూస్తారని అధ్యయనాల్లో తేలింది. కారణం పెద్ద రహస్యం కాదు. ఆ ఖాళీని ఏ అర్థంతో నింపుకోవాలో మాట్లాడే మనిషే చెప్పేశారు. రెండో లాభం మాట్లాడేవారిది: దాచాల్సిన పని పోయింది కాబట్టి దాచడానికి పెట్టే శ్రద్ధ అంతా జవాబుకు మిగులుతుంది. చెప్పాక నత్తి తగ్గడం కూడా చాలామందికి అనుభవం, అలాగని తగ్గడం కోసమే చెబితే, తగ్గని రోజున నిరాశ.

కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని ఒకటిన్నర నిమిషంలో జవాబు రికార్డు చేయమనే ఇంటర్వ్యూలు ఈమధ్య పెరిగాయి. వీటిలో గడువు ముగిస్తే వాక్యం మధ్యలోనే రికార్డింగ్ ఆగిపోతుంది. గడువు పెంచమనో, మనిషితో నేరుగా మాట్లాడే అవకాశం ఇమ్మనో ముందే రాతపూర్వకంగా అడగాలి, రికార్డింగ్ చెడిపోయాక కాదు.

జీతాల మీద దీని ప్రభావం ఊహ కాదు. అమెరికాలో 2018లో వెలువడిన ఒక అధ్యయనం, చదువు, ఆరోగ్యం లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా నత్తి ఉన్నవారి సంపాదన ఏడాదికి 7,000 డాలర్లకు పైగా తక్కువ ఉన్నట్టు చూపింది. ఈ తేడాలో వివక్ష వాటా ఉంటుంది, ముందే వెనక్కి తగ్గిన వాటా కూడా ఉంటుంది: అడగని జీతం పెంపు, వద్దనుకున్న పదోన్నతి, ఫోన్ తక్కువని ఎంచుకున్న కొలువు.

చికిత్సలో ఏది ఎక్కడ చెడుతుంది

పెద్దల నత్తికి మందు బిళ్ల లేదు. ఇప్పటికి దీనికోసమే అనుమతి పొందిన మందు అమెరికాలో కూడా ఒక్కటీ లేదు. స్పీచ్ థెరపీలో స్థూలంగా రెండు దారులున్నాయి. మొదటిది మాట్లాడే తీరునే మార్చడం: వేగం తగ్గించి, గొంతును మెత్తగా మొదలుపెట్టి, పెదవులు, నాలుక తేలిగ్గా తాకేలా పలకడం. థెరపీ గదిలో రెండు మూడు వారాల్లోనే అద్భుతంగా కనిపిస్తుంది. బయటికి వచ్చిన కొన్ని నెలలకు జారిపోవడం సర్వసాధారణం. ఈ పద్ధతికి ప్రతి పదం మీదా శ్రద్ధ కావాలి, వాదన జరుగుతున్న సమావేశంలో ఆ శ్రద్ధ విషయం మీద ఉండాలి. రెండిటికీ సరిపడా మనసు ఎవరికీ ఉండదు. జారిపోయినప్పుడు మనిషి తనను తాను నిందించుకోవడం వృథా, పద్ధతి అడిగే ఖరీదే అంత.

రెండోది నత్తిని ఆపకుండా దాని బిగువు తగ్గించడం. చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ స్పీచ్ థెరపీ నిపుణుడు రూపొందించిన క్రమం ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి మెట్టు: మాట పట్టేస్తే పెనుగులాడైనా ఆ పదం పూర్తిచేయాలి, మూడు సెకన్లు ఆగాలి, ఎక్కడ బిగుసుకుందో గమనించాలి, అదే పదాన్ని వదులుగా మళ్లీ పలకాలి. ఆ రెండోసారి కూడా నత్తితో వస్తే ఫరవాలేదు, బిగువు తగ్గిందా లేదా అన్నదే చూడాలి. రెండో మెట్టులో పట్టు మధ్యలో ఉండగానే బలం సడలించి బయటికి జారాలి. మూడోది పట్టు రాబోతోందని తెలిసినప్పుడే వదులుగా లోపలికి వెళ్లడం. చాలామంది మూడో మెట్టు మీదికే దూకుతారు, ఎందుకంటే వినేవారికి నత్తి కనబడకుండా పోయేది అక్కడే. అలా దూకితే అది కూడా ఇంకో దాపరికంగా మారిపోతుంది. ఆ మూడు సెకన్ల ఆగడమే అన్నిటికన్నా కష్టం. అది చేయగలిగితే ఎదుటివారి గడియారం మీద భయం పోయినట్టే.

వీటితోపాటు కావాలని నత్తిగా మాట్లాడటం అనే సాధన ఉంది, విన్నవారు నవ్వేదే గానీ పనిచేసేది. భయం లేని పదం మీద, బిగువు లేకుండా, ఎదుటివారి కళ్లలోకి చూస్తూ ‘ప-ప-పని’ అనాలి. దుకాణంలో, ఫోన్‌లో రోజుకు ఐదుసార్లు చేస్తే, నత్తి బయటపడితే ఏమవుతుందో అన్న ఊహకు నిజమైన జవాబు దొరుకుతుంది. ఆ జవాబు మామూలుగా ‘ఏమీ కాదు’. సొంత గొంతును సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చెవికి వినిపించే పరికరాలు కొందరికి చదివేటప్పుడు బాగా పనిచేస్తాయి. సంభాషణలో అంతగా కాదు, కొన్నాళ్లకు కొందరిలో ప్రభావం మందగిస్తుంది. బ్లాక్ వచ్చినప్పుడు గట్టిగా ఊపిరి పీల్చడం మాత్రం మానుకోవాలి. నిండిన ఛాతీ మీద గొంతు మూసుకుంటే పట్టు ఇంకా బిగుస్తుంది. ‘ఒకసారి ఊపిరి తీసుకోండి’ అన్న సలహా అందుకే పనిచేయదు.

పక్కన పనిచేసేవారి వంతు

వాక్యం పూర్తిచేసి పెట్టకూడదు, మనిషే అడిగితే తప్ప. ఊహించిన పదం తప్పయితే ఇంకోసారి మొదలుపెట్టాల్సి వస్తుంది, సరైనదే అయినా వంతు చేజారుతుంది. చూపు తిప్పుకోకూడదు, గుచ్చి చూడనూ కూడదు. మామూలుగా వింటే చాలు.

మంచి మనసుతో జరిగే పెద్ద పొరపాటు వేరే ఉంది. మనిషిని అడగకుండానే ఫోన్ పనులు, ప్రజెంటేషన్లు తప్పించి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏడాది చివర పనితీరు సమీక్షలో ‘నలుగురికీ కనబడేలా పనిచేయలేదు’ అని రాసేదీ వాళ్లే. ఏం చేయగలరో, ఏది ఎలా ఉంటే సులువో అడిగి తెలుసుకోవాలి. సమీక్ష పత్రాల్లో ‘సంభాషణా నైపుణ్యం’ అన్న గడి కింద అసలు కొలుస్తున్నదేమిటో కూడా తేల్చుకోవాలి. విషయం స్పష్టంగా చేరిందా, ప్రశ్నలకు జవాబు దొరికిందా అన్నవి నైపుణ్యం. మాట ఆగకుండా రావడం వేరే సంగతి, ధారాళంగా మాట్లాడి ఏమీ చెప్పనివారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

ప్రజెంటేషన్‌కు గడువు ఇచ్చేవారు ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. నిమిషానికి 120 మాటల చొప్పున పది నిమిషాల్లో 1,200 మాటలు. వందకు ఐదు మాటల మీద నత్తి వస్తుందనుకుంటే 60 చోట్ల. ఒక్కోటి సెకను అనుకుంటే మొత్తం ఒక నిమిషం. పట్టు వదిలాక వాక్యాన్ని మళ్లీ అందుకోవడానికి ఇంకో నిమిషం వేసినా పన్నెండు నిమిషాలు. సమావేశ పట్టికలో ‘10’ అని ఉన్న చోట ‘12’ అని రాస్తే సరిపోతుంది.